కెప్టెన్ గారి అలమర

వీధిలో అందరూ ఆయన్ని కెప్టెన్ గారంటారు గానీ, కొన్ననాటి నుంచీ తన పాత తెరచాప పడవను రేవు దాటించిన పాపాన పోలేదు. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. పొద్దున్నే చెవిమీద పెన్సిలు, జేబులో గరుకు కాగితం పెట్టుకుని పడవలోని చిన్న గదిలోకి దూరతాడు. దూరిన ప్రతిసారీ అదే దూలానికి తల కొట్టుకుంటాడు. తల సంగతి వదిలేసి, వార్నిష్ లేచిందేమోనని దూలాన్ని తడుముతాడు. "ఇంట్లో కుళాయి కారుతుంటే పట్టదు గానీ, సవతికి మాత్రం సింగారాలు!" అని భార్య సణుగుతుంది.

మొన్న ఆవిడ మొదటిసారి పడవెక్కి, అన్నం క్యారేజీ ఒళ్లో పెట్టుకుని ఒక పక్కనున్న బల్లమీద కూర్చుంది. ఆయన తిండి మాట మరిచి, చదును చూసే రసమట్టం పెట్టి, బుడగ సరిగ్గా నడుమ నిలిచాకే గిన్నెల అలమర బిగించాడు. ఆవిడ మురిసిపోయి, దానిమీద గ్లాసొకటి పెట్టి గట్టుమీదికి దిగింది. ఆవిడ బరువుకు ఒరిగి ఉన్న పడవ నిటారుగా లేచింది, అలమర కాస్తా వాలిపోయింది. గ్లాసు జర్రున జారి కిందపడింది. నీళ్లమీద తేలేదానికి రసమట్టమేమిటని పక్క పడవవాడు పగలబడి నవ్వాడు.

"ఊడదీసి మళ్లీ బిగించండి, పరువు పోతోంది," అంది ఆవిడ గట్టుమీంచి. ఆయన అలమర ముట్టుకోలేదు. ఆవిడ కూర్చున్న చోట దుమ్ము తుడిచాడు.

"అలమర సరిగ్గానే ఉందోయ్. నువ్వు దిగబట్టే పడవ వంకరైంది. రా, ఎక్కు."