బాబాయి స్నో బూట్లలో ఇంటర్వ్యూకి

ఆ రోజుల్లో నాకు చలంటే లెక్కే లేదు. ఎరగను కాబట్టి లెక్క లేదు, అంతే. గుంటూరు ఎండల్లో పెరిగి, టెక్సాస్‌లో ఎమ్మెస్ చదివి (అక్కడా ఎండే), ఉత్తరాన మంచు కురిసే ఫార్మింగ్టన్ హిల్స్‌లో పిన్ని ఇంట్లో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నాను. వీసా గడువు ఇంకా మూడు వారాలే. ఈలోగా ఉద్యోగం రాకపోతే పెట్టె సర్దుకోవాల్సిందే. సరిగ్గా అప్పుడే ఎడారిలో, ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లోని ఒక చిప్‌ల తయారీ కంపెనీ ఇంటర్వ్యూకి రమ్మంది.

ముందురోజు సాయంత్రం నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. చెప్పులు గుమ్మం బయటే విడవాలన్నది మా అమ్మ పెట్టిన అలవాటు. పిన్నివాళ్లు గరాజ్‌లో విడుస్తారని తెలిసినా, ఇంటర్వ్యూ కోసం కొన్న బూట్లను (నాకున్న మంచి జత అదొక్కటే) తళతళా పాలిష్ చేసి వీధి మెట్టు మీద పెట్టాను. రాత్రి ముందు వాన పడింది, తర్వాత మంచు కురిసింది. తెల్లారి తలుపు తీస్తే మెట్టూ లేదు, బూట్లూ లేవు. తవ్వి తీస్తే రెండింటి నిండా ఐసు గడ్డలు.

“పిచ్చిమొహమా, ఈ చలిలో బూట్లు బయట పెడతారటే?” అంది పిన్ని, హెయిర్ డ్రయ్యర్ వెతుకుతూ. అది అరగంట మొత్తుకున్నా ఐసు కదల్లేదు. అసలు చిక్కు డ్రైవ్‌వే మీదుంది. మోకాలి లోతు మంచు. బాబాయికేమో రెండు రోజుల కిందటే నడుం పట్టేసింది. నేను తవ్వుతానన్నాను. ఆయన తన స్నో బూట్లు తెచ్చి నా ముందు పెట్టారు. మూడు జతల సాక్సులు తొడిగినా అందులో నా పాదాలు ఈదుతూనే ఉన్నాయి. పార పట్టడం అదే మొదటిసారి. ముక్కు ఉందో లేదో మధ్యమధ్య తడిమి చూసుకుంటూ ముప్పావు గంటలో కారుకు దారి చేశాను. వెనక్కి తిరిగి ఆ నల్లటి దారి చూసుకుంటే నామీద నాకే గౌరవం పుట్టింది.

విమానం రెక్కల మీద మంచు కరిగించేసరికి గంట ఆలస్యం. ఫీనిక్స్‌లో దిగాక కొత్త జత కొనే వ్యవధి లేదు. ఊరంతా శాండిల్స్‌లో తిరుగుతుంటే నేనొక్కదాన్నే బాబాయి బూట్లలో దబదబమంటూ ఆఫీసులోకి నడిచాను. మేనేజరమ్మ గంటసేపు పని గురించి అడిగింది, చూపు మాత్రం బల్ల కిందే. చివరికి ఆగలేక బూట్ల సంగతీ అడిగేసింది. దాచకుండా అంతా చెప్పాను. మరి మంచు ఎవరు తవ్వారంది. “నేనే తవ్వాను” అన్నాను, తల కాస్త ఎత్తే.

నాలుగో రోజున ఆఫర్ వచ్చింది. జవాబులకిచ్చారా, బూట్లకిచ్చారా అని నేనెప్పుడూ అడగలేదు.

ఇప్పుడు చాండ్లర్‌లోనే ఇల్లు. జనవరిలో యాభై డిగ్రీలకు దిగితే (ఫారెన్‌హీట్ లెండి, మన లెక్కలో పది) హీటర్ పెంచమని గొడవ చేసేది నేనే. “అమ్మా, నువ్వు రియల్లీ స్నో షవెల్ చేశావా?” అని అడుగుతుంది నా కూతురు. చేశానే తల్లీ అంటాను గర్వంగా. రెండు దుప్పట్ల లోంచి చెప్పడం వల్ల కాబోలు, పిల్ల నమ్మదు.