‘కొందరు’ అన్న మాట వెంటపడ్డ మా మాస్టారు

నిన్న పొద్దున్న వల సర్దుకుంటుంటే ఫోన్ వచ్చింది. మాస్టారు ఇక లేరని.

"ఏ మాస్టారు?" అని పిచ్చివాడిలా అడిగాను. నరసాపురం మొత్తంలో నాకున్నది ఒక్క దైవసహాయం మాస్టారే.

మొన్న ఆదివారమే కదా, నా చెయ్యి పట్టుకుని చర్చి మెట్లు దిగారు! ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

రిటైరయ్యాక అందరూ టీవీ చూస్తారు. ఈయన విక్టోరియా రాణి కాలం నాటి పేపర్లు చదివారు. జిరాక్సులు, స్కాన్లు, ఏది దొరికితే అది.

వార్తల కోసం కాదు. ఒక్క మాట కోసం.

కొందరు.

వరదకి కొందరు పోయారు. కలరాకి కొందరు. కాలవ తవ్వకంలో కొందరు. దొరగారైతే పేరు, హోదా, ఊరు అన్నీ వేస్తారు. మనవాళ్ల దగ్గరికొచ్చేసరికి ఆ ఒక్క మాటతో సరి.

యాభై ఏళ్ల పేపర్లలో ఆ మాట కనపడిన ప్రతిచోటా ఎర్ర పెన్సిల్‌తో గీత గీశారు. ఏం ఓపికండి బాబూ ఆ మనిషిది!

నా సంగతి చెప్పాలి. కాలేజీలో "పోలయ్యా" అంటూ నా పేరుతో తెగ ఏడిపించేవారు. ప్రశాంత్ అని మార్చేసుకుందామని ఫారం కూడా నింపేశాను.

సరిగ్గా ఆ వారమే మాస్టారు మా ఇంటికొచ్చారు. చేతిలో ఒక జిరాక్స్.

రేవు దాటుతూ పడవ బోల్తా పడిన వార్త అది. దొరగారి గుర్రం ఈదుకుంటూ ఒడ్డు చేరిందని దాని రంగుతో సహా రాశారు. పోయిన పడవవాళ్లు మాత్రం కొందరు.

"నీళ్లలో పోయినవాళ్ల పేరు తర్వాత పుట్టిన బిడ్డకి పెడతారంట కదమ్మా?" అని మా నాయనమ్మని అడిగారు.

"అవునండి బాబూ. ఆ పేరు ఆగిపోతే మనిషి ఒడ్డుకి చేరడండి. మా మామగారి తాత పోలయ్య, గుర్రాన్నెక్కించుకున్న పడవలో పోయాడంటండి. అప్పట్నుంచి తరానికో పోలయ్య. ఇదిగో, ఇప్పుడు వీడండి."

మాస్టారు లేచి నిలబడి నాకు దణ్ణం పెట్టారు. డిగ్రీ తప్పినోడికి!



"నువ్వే రాయరా" అని పెన్సిల్ ఇచ్చారు. ‘కొందరు’ పక్కన ‘పోలయ్య’ అని రాశాను. ఫారం అదే రోజు పొయ్యిలో పెట్టేశాను.

ఆ తర్వాత ఆయన మా పేటలో తిరగని గడప లేదు. ముసలమ్మల్ని కూర్చోబెట్టి, ఎవరి పేరు ఎవరికి పెట్టారో అడిగేవారు. ఒక్కొక్క పేరూ దొరికిన రోజు ఆయన మొహం చూడాలి, పండగే.

"ఇంకా చాలామంది మిగిలిపోయార్రా" అంటూ మొన్న ఆదివారం ఆ పెన్సిల్ నా జేబులో పెట్టారు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

నిన్న సాయంత్రం సమాధి చేసేశాం.

ఈరోజు పేపర్లో చిన్న వార్త వచ్చింది. వచ్చిన పెద్దలందరి పేర్లూ హోదాలతో సహా ఉన్నాయి. చివర్లో, కొందరు మత్స్యకారులు కూడా వచ్చారని.

నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చేసింది.

పెన్సిల్ తీసి ఆ మాట కింద గీత గీశాను. పక్కన రాశాను.

సత్తెమ్మ. నూకరాజు. గంగమ్మ. ఏసుదాసు. పోలయ్య.

హాయిగా నిద్రపోండి మాస్టారూ. అవతలి ఒడ్డున మీరు పేరుపెట్టి పిలవాల్సిన వాళ్లు చాలామందే ఉన్నారండి.