మా నాన్నగారి పొట్ట, నా పొట్ట, మా అమ్మాయి ఈత

పోయిన వారం మా మనవరాలిని పిల్లల డాక్టరుకు చూపించడానికి మా అమ్మాయి వెళుతుంటే నేనూ తోడు వెళ్ళాను. తోడంటే పెద్ద పనేమీ కాదు. ఆరేళ్ళ పిల్ల కార్‌ సీట్‌లోంచి దిగనని మొండికేస్తే బతిమాలడం, వెయిటింగ్ రూమ్‌లో చేపల తొట్టె ముందు నిలబెట్టి కబుర్లు చెప్పడం. అమెరికాలో, ఈ ప్లేనో ఊళ్ళో రిటైరైన తాతలకు ఇంతకు మించిన ఉద్యోగం ఏముంటుంది గనక! డాక్టరు మా అమ్మాయి ఈడుదే. పిల్లను తూచి, ఎత్తు కొలిచి, కంప్యూటర్‌లో గీతలు చూసి, బరువు ఉండవలసిన దానికంటే కాస్త పైనే ఉందని మెత్తగా చెప్పి, తల్లిదండ్రుల బరువెంత, వాళ్ళ తల్లిదండ్రుల ఒంటి తీరు ఎలాంటిది అని అడిగింది. పెద్దవాళ్ళ బరువుకీ, పిల్లల ఒంట్లో కొవ్వెంత కండెంత అన్నదానికీ సంబంధం ఉంటుందట, అందుకని అడుగుతోందట. ఆ ఇరుకు కుర్చీలో ఒదిగి కూర్చున్న నేను, ఎవరూ చెప్పకుండానే పొట్ట కాస్త లోపలికి లాక్కున్నాను. మా అమ్మాయి నా వైపు తిరిగి ఫక్కున నవ్వింది. నవ్వి డాక్టరుకు ఏం చెప్పిందో తరవాత చెబుతాను. ముందు మా నాన్నగారి పొట్ట గురించి చెప్పుకోవాలి.

మా నాన్నగారు కోనసీమలో ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారు. మనిషి నిండుగా, ఒడ్డూ పొడుగూ ఉండేవారు. బడి నుంచి రాగానే చొక్కా విప్పి చిలక్కొయ్యకు తగిలించి, పంచె పొట్ట కిందికి బిగించి, భుజం మీద ఒక తువ్వాలు వేసుకుని వీధరుగు మీద కూర్చునేవారు. ఇక రాత్రి భోజనం దాకా ఆయన దర్బారు అక్కడే. ఆడపిల్లలు ట్యూషన్‌కు వచ్చినా, ఊరి పెద్దలు వచ్చినా, వియ్యాలవారే వచ్చినా అదే అవతారం. ఆయన పొట్ట మీద చెయ్యి వేసుకుని నిమురుకుంటూ లెక్కలు చెబుతుంటే అదేదో ఆయన ఒళ్ళో కూర్చోబెట్టుకున్న పసిపిల్లలా ఉండేది. మా అమ్మా బొద్దుమనిషే. మా వైపు ఎవరైనా చాలాకాలానికి కనబడి "బాగా ఒళ్ళు చేశావురా" అంటే అది మెచ్చుకోలు. చిక్కిపోయావంటేనే ఇంటిల్లిపాదీ కంగారుపడేవాళ్ళం. ఆ ఒళ్ళే నాకూ వచ్చింది. నాకు ఈత నేర్పింది కూడా ఆయనే. కాలవ రేవులో నేను భయపడి మెట్టు పట్టుకుని వేలాడుతుంటే, "ఒరేయ్, మన ఒళ్ళు మునిగేది కాదురా, వదులు" అని ముందు తాను దిగి, వెల్లకిలా పడుకుని, పొట్ట ఆకాశానికి పెట్టి తేలి చూపించారు. నేను నవ్వుతూ నవ్వుతూ చెయ్యి వదిలేశాను.

ఆ ఒళ్ళు పెట్టుకుని నేను ఈ దేశం వచ్చి ప్లేనోలో ఉద్యోగంలో చేరిన కాలానికి, మీలో చాలామందికి తెలుసు, ఇక్కడ పాలు కొంటే పెద్ద డబ్బాతో, ఐస్‌క్రీమ్ కొంటే బకెట్‌తో. ఆఫీస్‌లో కూల్‌డ్రింకులు ఫ్రీ. ఫ్రీ అన్నాక మనవాడు మంచినీళ్ళు తాగుతాడా! ఎక్కడికి వెళ్ళాలన్నా కారే. అపార్ట్‌మెంట్ గేటు దగ్గరున్న మెయిల్ బాక్స్‌కు కూడా నేను కార్‌లోనే వెళ్ళొచ్చేవాణ్ణి. శనివారమొస్తే ఎవరో ఒకరింట్లో పాట్‌లక్, అంటే తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినడం. అక్కడ మారు వడ్డించుకోకపోతే ఇంటావిడ మొహం చిన్నబుచ్చుకునేది, "అయ్యో అదేంటన్నయ్యా, బాగాలేదా" అని. ఆవిడ మనసు కష్టపెట్టడం ఇష్టంలేక ఇంకో గరిటె వేయించుకునేవాణ్ణి. అలా నలుగురు ఇల్లాళ్ళ మనసులు కాపాడేసరికి పాంటు కొలత మారిపోయింది. మా ఆవిడా కాన్పు తరవాత ఒళ్ళు చేసింది, నేను మురిసిపోయాను.

మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. పురుడికి మా అత్తగారు వచ్చారు. పసిపిల్లను చెకప్‌కు తీసుకెళితే, అప్పటి డాక్టరు, తలనెరిసిన ఒక అమెరికన్ ఆవిడ, బరువులో తొంభై అయిదో పర్సెంటైల్, అంటే నూరుమంది పిల్లల్లో తొంభై అయిదుగురికంటే బరువు అని చెప్పింది. పరీక్షల్లో మార్కులు తప్ప వేరే లోకం ఎరగని కుటుంబం మాది, తొంభై అయిదు అనగానే నాకు ఒళ్ళు పులకరించింది. పుట్టి నాలుగు నెలలైనా కాలేదు, అప్పుడే ఫస్ట్‌క్లాస్ దాటింది! కాలింగ్ కార్డ్ గీకి ఇండియాకు ఫోన్ చేసి నాన్నగారికి చెబితే, లెక్కల మాస్టారు గదా, ఆ మిగతా అయిదూ ఎక్కడ పోయాయని అడిగారు. మా అత్తగారేమో ఇంత మంచి వార్తకు దిష్టి తగలకుండా ఉంటుందా అని, ఉప్పూ ఎండుమిరపకాయలూ పిల్ల చుట్టూ తిప్పి, నిప్పులు దొరక్క ఎర్రగా కాలిన స్టవ్ మీద వేశారు. ఆ ఘాటుకు స్మోక్ అలారమ్ కుయ్యోమని మొదలెట్టింది. పక్కవాళ్ళు బయటికి పరిగెత్తారు. నేను కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతుంటే, మా అత్తగారు మాత్రం ఎంత దిష్టి ఉంటే ఇంత మోగుతుందని తృప్తిగా తల ఊపారు.

అలా మార్కులు తగ్గకుండా మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు వచ్చాయి. పాట్‌లక్‌లలో ఆంటీలందరూ దాని బుగ్గలు పుణికి, "అచ్చు డాడీయే! ఒళ్ళు కూడా డాడీదే!" అనేవాళ్ళు. ఆ మాటకు నేను కాలర్ ఎగరేసేవాణ్ణి. ఆ ఏడు చెకప్‌లో తలనెరిసిన డాక్టరు గీతలు చూసి, పిల్ల మీద నుంచి చూపు తిప్పి మా ఇద్దరినీ పైనుంచి కిందికి చూసింది. పిల్లను బయట నర్సు దగ్గర కూర్చోబెట్టి చెప్పింది: తల్లీ తండ్రీ ఇద్దరూ బరువైతే పిల్లలకూ కొవ్వు పట్టే అవకాశం ఎక్కువ, అందులో కొంత పుట్టుకతో వస్తుంది, కొంత ఇంటి అలవాట్లతో వస్తుంది, పుట్టుకను మార్చలేం, ఇంటిని మార్చవచ్చు. పిల్లకు డైటింగ్ పెట్టవద్దు, దాని ముందు బరువు మాట ఎత్తవద్దు, మారితే ముగ్గురూ మారండి అంది. నాకు ఒళ్ళు మండింది. మా వంశమే అంత, ఈవిడకేం తెలుసు మన తిండి సంగతి అని కార్‌లో దారి పొడుగునా సణిగాను. వెనక సీట్లో పిల్ల వింటోందన్న ధ్యాసే లేదు నాకు.

ఆ వేసవిలో మా కాంప్లెక్స్‌లోని స్విమ్మింగ్ పూల్ దగ్గర దాని క్లాస్‌మేట్ బర్త్‌డే పార్టీ. వారం ముందే మా ఆవిడ కొత్త స్విమ్‌సూట్ కొనిపెట్టింది. తీరా ఆ రోజు పిల్ల కడుపునొప్పి అని పడుకుంది. ఎండాకాలమంతా ఎవరు పిలిచినా కడుపునొప్పే. బడి తెరిచాక లంచ్ బాక్స్ ఎలా వెళ్ళిందో అలా తిరిగి రావడం మొదలైంది. చారన్నం అంటే ప్రాణమిచ్చే పిల్ల రెండు ముద్దలు తిని లేచిపోయేది. ఒక సాయంత్రం నేను బడి నుంచి కార్‌లో తీసుకొస్తుంటే, వెనక సీట్లోంచి, చాలాసేపటి నుంచి దాచిపెట్టుకున్నట్టు అడిగింది.

"డాడీ, నేను కూడా నీలాగే అయిపోతానా?"

బాబోయ్, ఏం మాట అది! పిల్లలు తండ్రిలా అవుతామని ఆశపడతారు. నా కూతురు భయపడుతోంది. ఆ భయంతోనే అన్నం మానేసింది, నీళ్ళలో దిగడం మానేసింది. అద్దంలో చూస్తే కళ్ళనిండా నీళ్ళు, అవి నా మీద కోపంతో వచ్చినవి కావు, అదే నాకు మరీ కష్టమనిపించింది. అవునంటే అది ఇంకా బెదిరిపోతుంది, కాదంటే అబద్ధం. ఇంటికి వచ్చి మా ఆవిడతో చెబితే, "ఏవండీ, దానికి మాటలతో చెబితే ఎక్కదు, చేసి చూపించాలి" అంది. ఏం చేసి చూపించాలో ఆవిడకూ తెలియదు, నాకూ తెలియదు. ఆ పూట నాకు నాన్నగారు గుర్తొచ్చారు. నేను ఆయనలాగే ఉన్నానని ఆ ఊళ్ళో ఎన్నడూ సిగ్గుపడలేదే, మరి నా కూతురెందుకు పడుతోంది అని ఆలోచిస్తుంటే, నేను ఈ దేశం వచ్చాక ఇంటి గుమ్మం బయట చొక్కా లేకుండా ఒక్కసారీ నిలబడలేదని తట్టింది. పూల్ పక్కనే ఇన్నేళ్ళున్నా నేనూ దిగలేదు. పిల్లకు ఈ ఒళ్ళు ఇచ్చాను, దాన్ని దాచుకోవాలన్న సంగతి కూడా అది నన్ను చూసే నేర్చుకుంది.

శనివారం సాయంత్రం పిల్లను పూల్ దగ్గరికి తీసుకెళ్ళాను. దిగక్కర్లేదు, ఊరికే కూర్చోమన్నాను. చుట్టూ జనం, సన్నగా నిటారుగా ఉన్న తెల్ల కుర్రాళ్ళు, మనవాళ్ళు రెండు మూడు కుటుంబాలు, అందులో మా పాట్‌లక్ ఆంటీ ఒకావిడ. నేను చొక్కా విప్పి కుర్చీకి తగిలించాను.

"డాడీ! షర్ట్ వేసుకో, అందరూ చూస్తున్నారు!" అంది పిల్ల, గొంతు అణుచుకుని.

"చూడనీ తల్లీ. మీ తాతయ్య రోజూ ఇలాగే కూర్చునేవారు, ఊరంతా చూసేది."

అన్నానే గాని, అలవాటు కొద్దీ పొట్ట లోపలికి లాక్కోబోయి మానేశాను. నాన్నగారిలాగే దాని మీద చెయ్యి వేసి ఓసారి నిమురుకుని, కాలవలో దూకినట్టు దూకాను. సగం పూల్ గట్టు మీదికి వచ్చింది. ఆంటీ చీర తడిసి, "అన్నయ్యా, చెప్పి దూకకూడదూ!" అని గోల. నేను వెల్లకిలా పడుకుని, పొట్ట ఆకాశానికి పెట్టి తేలాను. కాసేపటికి గట్టు మీద కిసుక్కుమని నవ్వు వినిపించింది.

"డాడీ, నువ్వు మునగట్లేదేంటి?"

"మన ఒళ్ళు మునిగేది కాదమ్మా. రా, నీకే తెలుస్తుంది."

పెద్ద టీషర్ట్ ఒకటి వేసుకుని, దానితోనే మెట్లు దిగి వచ్చింది. దాని వీపు కింద చెయ్యి పెట్టి, కాసేపటికి తీసేశాను. తేలింది. అది తేలుతూ నా వైపు చూసిన చూపు నాకు ఈ దేశం ఇచ్చిన అన్నిటికంటే ఎక్కువ. ఆ తరవాత శనివారాలు వెళుతూనే ఉన్నాం. ఒక రోజు టీషర్ట్ కుర్చీ మీదే ఉండిపోయింది.

ఇంటిని మార్చిన పుణ్యం మాత్రం మా ఆవిడది. గిన్నెలు టేబుల్ మీద పెట్టడం మానేసి స్టవ్ దగ్గరే ఉంచింది. మారు కావాలంటే లేచి వెళ్ళాలి, లేవడానికి బద్ధకించేవాణ్ణి నేనొక్కణ్ణే గనక నాకే తగ్గింది. ఎండలు దంచే నెలల్లో షాపులు తెరవకముందే మాల్‌లో ముగ్గురం నడిచేవాళ్ళం, మా ఆవిడ చీరకట్టు మీద స్నీకర్స్ వేసుకుని మా ఇద్దరికంటే ముందు. పిల్ల మళ్ళీ చారన్నం కడుపునిండా తింది. నేను కొంత తగ్గాను, సన్నబడ్డానంటే మీరు నమ్మరు, నమ్మకండి. మా అమ్మాయీ సన్నబడలేదు. భుజాలు విశాలమై, కాళ్ళు గట్టిపడి, హైస్కూల్ ఈత జట్టులో చేరింది. తలనెరిసిన ఆ డాక్టరుకు ఆ రోజుల్లో ఒక్క థాంక్స్ అయినా చెప్పానో లేదో గాని, ఇప్పటికీ దేవుడికి దణ్ణం పెట్టేటప్పుడు ఆవిణ్ణీ తలుచుకుంటాను.

ఇక పోయిన వారం సంగతి. పెద్దవాళ్ళ ఒంటి తీరేమిటని మనవరాలి డాక్టరు అడిగినప్పుడు, మా అమ్మాయి నా వైపు చూసి నవ్వి, ఏమాత్రం తడుముకోకుండా ఇంగ్లీషులో చెప్పింది: ఇది మా నాన్న ఒళ్ళు, నాకు వచ్చింది, నా కూతురికీ వచ్చింది, ఇంట్లో చూసుకోవలసినవి మేమందరం కలిసి చూసుకుంటాం, ఒళ్ళు మాత్రం మంచిది, నీళ్ళలో మునగదు. డాక్టరు అర్థం కాక నా వైపు చూసింది. నేను లాక్కున్న పొట్టను హాయిగా వదిలేసి, పైన చెయ్యి వేసుకుని కూర్చున్నాను.

కాలం మారింది, చాలావరకు మంచికే మారింది. ఇప్పుడెవరూ మారు వేయించుకోమని బలవంతపెట్టరు, పసిపిల్ల బరువును మార్కులనుకోరు. అరికాళ్ళు ఆన్చితే కొవ్వెంతో కండెంతో చెప్పే తూకం మా అమ్మాయి బాత్‌రూమ్‌లో ఉంది. అన్నీ తెలుస్తున్నాయి. తెలియడం అవసరమే, నాకు ముందే తెలిసి ఉంటే బాగుండేది కూడాను. కాని సాయంత్రం పూట ఒంటి సంగతే గుర్తు లేకుండా అరుగు మీద కూర్చునే మనిషి ఇప్పుడు ఎక్కడా కనబడడు. పూల్ దగ్గర నేను చొక్కా విప్పిన రోజు గురించి నాన్నగారికి ఫోన్‌లో చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను, చెప్పకుండానే ఆయన వెళ్ళిపోయారు. మా మనవరాలు ఇప్పుడు ప్రతి శనివారం గట్టు మీద నిలబడి ముందు తాతయ్యే దిగాలంటుంది, నేను మోకాళ్ళు పట్టుకుంటూ దిగుతాను. నా జీవితంలో నేను చేసిన ధైర్యమైన పని ఆ రోజు చొక్కా విప్పి దూకడమొక్కటే. నాన్నగారికి చెప్పి ఉంటే మాత్రం, చొక్కా విప్పడానికి ధైర్యమెందుకురా అని నిజంగానే అర్థంకాక అడిగి ఉండేవారు.