పడవల గుహలకు తోడు వెళ్లిన శారద టీచర్

శారద టీచర్ ఇక లేరని పోయిన మంగళవారం, ఇక్కడ సింగపూర్‌లో ఆవిడ ఉండే టోవా పాయో నుంచి ఫోను వచ్చింది. సైన్స్ పార్క్‌లో మా ఆఫీసు మీటింగు మధ్యలోంచి బయటికొచ్చాను. కాసేపు ఎటు నడవాలో తోచలేదు. మధ్యాహ్నం భోంచేసి, కుర్చీలో కునుకు తీస్తూనే వెళ్లిపోయారట. నిండైన జీవితానికి ప్రశాంతమైన నిష్క్రమణమే. మనసే ఒప్పుకోవడం లేదు.

భీమవరం ఆడపడుచు. ఇక్కడి ఓడల యార్డులో జపనీస్ దుభాషిగా పనిచేసి రిటైరయ్యారు. సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు వెల్లువెత్తిన ఈ రోజుల్లో, జపాన్ ప్రాజెక్టుల్లో పడ్డ మాలాంటివాళ్లకి ఆదివారాలు తన ఫ్లాట్‌లో ఆ భాష నేర్పేవారు. "క్రియ చివర్నే వస్తుంది, మన తెలుగులాగే. భయమెందుకర్రా?" అనేవారు. తప్పు చెబితే ఇంకో పెసరట్టు వడ్డించి మళ్లీ చెప్పించేవారు.

ఆవిడకొక అరుదైన వ్యాసంగం ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో జపాన్ నౌకాదళం కుర్రాళ్లని పేలుడు పదార్థాలు నింపిన చెక్క పడవలెక్కించి, శత్రు నౌకల్ని ఢీకొట్టి చావమంది. ఆ పడవలు దాచిన గుహలు క్యూషూ తీరంలో ఇంకా ఉన్నాయి. ఏటా వెళ్లి చూసొచ్చేవారు.

అది తెలిసి పక్కింటి లిమ్ ఆంటీ మండిపడింది. సింగపూర్ జపాన్ వశమైనప్పుడు ఆమె అన్నని సైనికులు పట్టుకుపోయారు. అతను తిరిగి రాలేదు.

"మా అన్నని చంపినవాళ్లకి దండం పెట్టడానికి పోతావా?" అని కారిడార్‌లోనే నిలదీసింది.

"దండానికి కాదు. ఒక్కసారి నాతో రా. చూశాక వద్దంటే మళ్లీ వెళ్లను," అన్నారు టీచర్.

లిమ్ ఆంటీ కొన్నాళ్లు ముఖం తిప్పుకుని తిరిగి, చివరికి బయల్దేరింది. నేనూ వెంట వెళ్లాను. గుహ ముందు జాలర్లు వలలు ఆరేసుకున్నారు. లోపల తడిరాతి మీద గునపం గాట్లు. ఆంటీ వాటిని తడిమి చూసింది.

"ఎంత వయసు వాళ్లకి?"

"పద్దెనిమిది. కొందరికి అదీ లేదు."

"మా అన్నకీ అంతే." గాట్ల మీంచి చెయ్యి తీసి అంది: "క్షమించను. కానీ వీళ్లని పంపినవాళ్ల మీద కూడా కోపమొస్తోంది."

"నాకూ అంతే. అందుకే వస్తుంటాను," అన్నారు టీచర్.

ఆ సాయంత్రం రేవులో కాల్చిన చేపలు తింటూ, మన హాకర్ సెంటర్ తిండి కొట్లలో ఇంతకన్నా బాగుంటాయని ఆంటీ వాదన. టీచర్ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వడం. అప్పట్నుంచీ ఏటా ఇద్దరూ కలిసే వెళ్లారు.

నిన్న లిమ్ ఆంటీ నా చెయ్యి పట్టుకుని, "వచ్చే ఏడాది నాతో ఎవరొస్తారు?" అంది. నేనొస్తానన్నాను. దారి తెలుసు, భాషా వచ్చు. రెండూ టీచర్ పెట్టిన భిక్షే. ఒకరి కోపం పక్కన అంత ఓపిగ్గా నిలబడడం మాత్రం ఆవిడతోనే పోయింది.