చెంప మీది నల్ల చుక్క

ఇరవై రెండేళ్ల వయసులో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు, బొమ్మల కాలేజీలో చదివొచ్చాక మరీ. ఇప్పుడు తలుచుకుంటే అప్పటి నన్ను చూసి నవ్వొస్తుంది గానీ, ఆ రోజు మాత్రం నాకు ముచ్చెమటలు పట్టాయి. బౌరంపేట్‌లో కొత్తగా పెట్టిన బడికి డ్రాయింగ్ టీచర్ కావాలంటే, మచ్చ బొల్లారం నుంచి రెండు బస్సులు మారి వెళ్లాను. అప్పటికే మూడు బళ్లు వద్దన్నాయి. "గిదే ఆఖరు. గిది గూడ రాకుంటే రేపటి సంది మీ మామ దుకాణంల కుట్టుమిషిన్ కాడ కూసో," అని నాయిన తేల్చేశాడు (నాయిన మాటంటే మాటే).

బడి యజమాని నా సర్టిఫికెట్లు పక్కన పెట్టి, గోడ మీది రంగుల బొమ్మ చూపించాడు. "గా బొమ్మల ఏమున్నదో జర జెప్పు." రెండేళ్ల పిల్లవాడు. మొహం పూర్తయింది, చొక్కా సగంలో ఆగింది. కుడి చెంప మీద నల్లటి మచ్చ. చదివిందంతా ఒలకబోశాను. ఆ కళ్లలో ఒంటరితనం ఉందన్నాను. ఆ మచ్చ లోకం బాల్యం మీద వేసిన మరక అన్నాను, చిత్రకారుడు కావాలనే అందాన్ని చెడగొట్టాడన్నాను. ఆయన గడియారం వైపు చూశాడు. అది చూసి ఇంకో అడుగు ముందుకేశాను (సమయానికి నోరు మూసుకోవడం నాకు ఇప్పటికీ రాలేదు). "ఈ పిల్లవాడు పెద్దయ్యాక ఎవర్నీ నమ్మడు సార్."

అప్పుడే వాళ్లమ్మ, బాగా ముసలి అవ్వ, కాటుక డబ్బాతో లోపలికొచ్చింది. స్టూలెక్కబోతుంటే ఆయన లేచి పట్టుకున్నాడు. అవ్వ వేలితో సరిగ్గా ఆ మచ్చ మీదే ఇంకాస్త కాటుక అద్దింది. "గంతసేపు సూస్తే దిష్టి తగలదా బిడ్డా? మా తమ్ముడు గీసిండు. బొమ్మల ఉన్నది వీడే, నా కొడుకు. దినాం పెడ్త." నేను బొమ్మను చూశాను, బట్టతల సారును చూశాను. కుట్టుమిషన్ చప్పుడు చెవుల్లో మోగింది.

"ఏం జెప్పిందిరా గీ పిల్ల?"

"నేను ఎవ్వర్ని నమ్మనంటాందమ్మా."

అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "అబద్ధమా? నా చేతికి గూడ బీరువ తాళమియ్యవైతివి! మస్తు జెప్పింది, నౌకరిల పెట్టుకో."

పదేళ్లు అక్కడే పనిచేశాను. అవ్వ ఇప్పుడు లేదు. నిరుడు మా అమ్మాయి బొమ్మ గీసి హాల్లో పెట్టాను. దిష్టీ గిష్టీ నేను నమ్మను. కానీ ఎవరైనా దాని ముందు నిలబడి అర్థాలు చెప్పడం మొదలుపెడితే, నా చెయ్యి కాటుక డబ్బా వెతుక్కుంటుంది.