ఎర్ర నాచుకి కొల్లేటి ఎరువు

ఏలూరులో మా ఇంట్లో ఉప్పునీళ్ళ అక్వేరియం పెట్టిన కొత్తలో, విశాఖ తీరాన రాళ్ళ సందులో అరుదైన ఎర్ర నాచు రెమ్మ ఒకటి దొరికింది. మళ్ళీ దొరుకుతుందన్న నమ్మకం లేదు. అందుకని సముద్రపు నీళ్ళ సీసాలో వేసి, రైల్లో పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. దారిలో ఏడవలేదు, అదొక్కటే నయం.

అక్వేరియంలో వేసిన కొన్నాళ్ళకే అది వెలిసిపోసాగింది. కొల్లేట్లో చేపల చెరువులున్న మా బాబాయి చూసి, "నీళ్ళు మరీ తేటగా ఉన్నాయిరా. దానికి తిండేదీ?" అన్నాడు. చెరువుల వాళ్ళకి మంచి నీళ్ళంటే పచ్చటి నీళ్ళే. నేను బజారుకెళ్ళొచ్చేలోపు చెరువుకి చల్లే ఫాస్ఫేటు ఎరువు తొట్టెలో ఓ గుప్పెడు వేసేశాడు.

వారం తిరక్కుండా అక్వేరియం అచ్చం కొల్లేరైంది. కొంగలొక్కటే తక్కువ.

"ఇప్పుడు కళొచ్చిందిరా."

"వచ్చిందండీ బాబాయి. నాచే కనబడటం లేదు."

చెయ్యి పెట్టి దేవితే వేలెడు ముక్క దొరికింది. విశాఖ నుంచి తెచ్చినవాటిలో మిగిలిన సముద్రపు నీళ్ళతో గాజు సీసాలో వేసి కిటికీలో పెట్టాను. కొన్ని వారాలకి ఎర్రగా చిగురేసింది.

బాబాయి కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "చెప్పానా? నా ఎరువు పనిచేసింది."

ఏమో, చేసిందేమో కూడా. సీసాకి మూత మాత్రం గట్టిగా బిగించాను.