పదిహేడో నంబరు ఓటు

ఆ రోజుల్లో నాకు ప్రజాస్వామ్యం మీద ఎంత నమ్మకమంటే, దాన్ని నేనే కనిపెట్టానేమో అన్నంత. కిరందుల్‌లో గని ఉద్యోగుల క్వార్టర్లలో పుట్టి పెరిగి, పౌరశాస్త్రం ఒక్కదాంట్లోనే పరువు దక్కించుకున్నవాణ్ణి (లెక్కల్లో నా పాండిత్యం కాసేపట్లో మీకే తెలుస్తుంది). అలాంటివాడి చేతిలో కిష్టారం అవతల, రాష్ట్రాల సరిహద్దులో ఒక అడవి పల్లెలో ప్రైమరీ బడి పెట్టారు. ఒకటే గది, రేకుల కప్పు, ఐదు తరగతులు, ఒక గురూజీ. ఆ గురూజీని నేను. పిల్లలు ఇరవై రెండు మంది. ఇంట్లో తమ దోర్లీ భాష, నాతో తెలుగు, పుస్తకంతో హిందీ మాట్లాడేవాళ్ళు. నేను మూడింట్లోనూ సమానంగా తడబడేవాణ్ణి. పొద్దున్నే, పాత గురూజీ వదిలి వెళ్ళిన రిజిస్టరు తెరిచి, తల ఎత్తకుండా వరసగా నంబర్లు చదివేవాణ్ణి. "హాజిర్ గురూజీ" అని వినబడితే ఒక గీత. తల ఎత్తితే ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతారని భయం.

ఆ గదిలో ఒక్కటే నాకు అంతుపట్టేది కాదు. కిటికీ పక్క మూలలో ఎవరూ కూర్చునేవారు కాదు. ఒకరి మోకాళ్ళు ఒకరికి తగిలేలా ఇరుక్కుని కూర్చునేవాళ్ళే తప్ప అటు జరిగేవాళ్ళు కాదు. నేనే చెయ్యి పట్టుకుని ఒకణ్ణి అక్కడ కూర్చోబెడితే, బోర్డు మీద 'క' రాసి వెనక్కి తిరిగేలోగా మూల మళ్ళీ ఖాళీ. పైకప్పు కారుతుందేమో అనుకున్నాను. గదంతా కారేది, ఆ మూల తప్ప.

ఇంతలో బ్లాకు ఆఫీసు నుంచి ట్రాక్టరు మీద ఒక ఇనుప బీరువా దిగింది, బొమ్మల పుస్తకాలతో సహా. తడవని చోటు అదొక్కటే కనక అక్కడే పెడదామన్నాను. ఇరవై రెండు తలలూ ఒక్కసారి ఆ మూలకు తిరిగాయి. చివరికి చిలక లేచింది (రోజంతా ఒక్క మాట మాట్లాడదు కనక నేను పెట్టిన పేరు).

"వద్దు గురూజీ. ఆడ జాగా ఉండాలె."

"ఎందుకమ్మా?"

"ఉండాలె."

"ఏందే నీ లొల్లి!" అని బొద్దోడు లేచాడు. వాడికి బొమ్మల పుస్తకాలంటే ప్రాణం. "బయట పెడితే బుక్కులన్నీ తడుస్తయి. నువ్వు ఆరబెడ్తవా?"

చిలక ఆ మూల వైపు ఒక అడుగు వేసి నిలబడింది. కింది పెదవి వణికింది. అది చూడాల్సిన నేను, నా ఆనందంలో నేనున్నాను. ఇరు పక్షాలు, ఒక వివాదం! ఇంతకన్నా సంసద్ పాఠానికి, అదే పార్లమెంటు పాఠానికి, ఏం కావాలి? "బాల సంసద్‌కు ఎన్నిక పెడదాం. మీ ఇద్దరిలో గెలిచినవాళ్ళు ప్రధానమంత్రి. వాళ్ళు చెప్పినట్టే బీరువా" అని ప్రకటించాను. వారం రోజులు బోర్డు మీద మూలసూత్రం రాసి (అది ఆ మూలకే చుట్టుకుంటుందని అప్పటికి తెలియదు) అందరిచేతా పాడించాను: జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరికీ ఒక ఓటు, పేరున్నవాళ్ళను ఎవరూ ఆపకూడదు.

ఓట్ల రోజు వాన. పట్టపగలే గదిలో మసక. వారపు సంతలో కొన్న రెండు కొత్త కుండలు తెచ్చి, చాటుగా ఉంటుందని ఆ ఖాళీ మూలలోనే దించాను. ఒకటి బొద్దోడిది, ఒకటి చిలకది. ముందు నా దుప్పటి తెరలా కట్టాను. కుండలు నేలకు తాకగానే పిల్లల గుసగుసలు టక్కున ఆగిపోయాయి. గుమ్మంలో, పిల్లలకు మధ్యాహ్నం వండిపెట్టే వంట పెద్దమ్మ గరిటె పక్కన పెట్టి చేతులు జోడించింది. ప్రజాస్వామ్యం అంటే ఇంత భక్తా అని మురిసిపోయాను.

చిలక నా దగ్గరికొచ్చి, "నిజంగనేనా గురూజీ?" అంది.

"నిజంగనే! ఇందులో ఉత్తుత్తివి ఉండవు" అన్నాను గంభీరంగా.

ఇరవై రెండు చింతగింజలు రెండుసార్లు లెక్కపెట్టి పెట్టుకున్నాను. గోటి మీద సిరా చుక్క, చేతిలో ఒక గింజ, తెర వెనక్కి. ఒక్కొక్కరే వెళ్ళారు, వచ్చారు. ఎవరూ నవ్వలేదు. ఆఖరివాడు వచ్చి కూర్చున్నాక దుప్పటి ఇంకోసారి కదిలింది. గాలి అనుకున్నాను. కిటికీ నేనే మూశానని తర్వాత గుర్తొచ్చింది.

బొద్దోడి కుండలో పదకొండు. చిలక కుండలో పన్నెండు.

మళ్ళీ లెక్కపెట్టాను. లెక్క తప్పడం నాకు అలవాటే, కానీ ప్రతిసారీ ఒకేలా తప్పడం కొత్త. పైగా ఆ పన్నెండో గింజ తడిగా ఉంది, ఎవరో అంతసేపూ నోట్లో పెట్టుకున్నట్టు.

"దొంగ ఓటు! ఎవరిది?" అని అరిచాను.

"పదిహేడు నంబరుది గురూజీ" అంది చిలక.

రిజిస్టరు తీశాను. ఇరవై మూడు పేర్లు. పదిహేడో పేరు ఎదురుగా రెండు నెలలుగా రోజూ నా గీత. ఈ నంబరు పిలిస్తే పలికిందెవరని అడిగాను. ఇరవై రెండు చేతులూ లేచాయి; వంతులవారీగా పలికేవారట. మరి ఓటు వేసిందెవరని అడిగాను. ఒక్క చెయ్యీ లేవలేదు.

వంట పెద్దమ్మ మెల్లిగా లోపలికొచ్చింది. "అది ఈ చిలకకు అక్క గురూజీ. పోయిన వానల్ల జరమొచ్చి పోయింది. ఆ మూలకే కూసునేది. ఎప్పుడు సూడు, బుగ్గల చింతగింజ ఉండేది."

నా వేళ్ళలోంచి గింజ జారింది.

"మా దిక్కు పోయినోళ్ళను మళ్ల ఇంట్లకు పిలుచుకుంటం. మూలకు కొత్త కుండ పెడితే, రమ్మన్నట్టు. మీరే తెచ్చి పెడితిరి గద! గురూజీ పిలిచిండు అనుకున్నరు పోరలు."

బొద్దోడు తల దించుకున్నాడు. చిలక మాత్రం నన్నే చూస్తోంది. ఆ ఒక్క ఓటు కొట్టేస్తే పదకొండుకు పదకొండు. అప్పుడు తేల్చాల్సింది గురూజీ, గురూజీకి బీరువా ఆ మూలలోనే కావాలి. అది ఆ పిల్లకూ తెలుసు. నేను బోర్డు వైపు తిరిగాను, ధైర్యం కోసం. అక్కడ నా దస్తూరీలోనే ఉంది: పేరున్నవాళ్ళను ఎవరూ ఆపకూడదు. ఆ పేరు కొట్టెయ్యనిదీ, రోజూ హాజరు వేసిందీ నేనే.

"ఓటు చెల్లుతుంది" అన్నాను.

బీరువా గుమ్మం పక్కన, కారే రేకు కింద నిలబడింది. బొద్దోడు పుస్తకాల మీద రోజూ ప్లాస్టిక్ పట్టా కప్పేవాడు, ప్రతిపక్ష నాయకుడి హోదాలో. అక్కడున్నన్నాళ్ళూ నా మోకాలు దానికి తగలని రోజు లేదు. పిల్లల హాజరు, నా బేజారు.

బదిలీ అయిన రోజూ వానే. ఆఖరిసారి హాజరు వేస్తూ, ఆ ఒక్క నంబరుకూ తల ఎత్తాలని ముందే నిర్ణయించుకున్నాను. ఈసారి వంతు ఎవరిదో చూద్దామని. "పదిహేడు" అన్నాను. ఇరవై రెండు మూతులూ బిగించుకుని ఉన్నాయి. అందరూ నన్నే చూస్తున్నారు. "హాజిర్ గురూజీ" అని వినబడింది. బుగ్గలో ఏదో ఉన్నట్టు, కాస్త ముద్దగా. రేకుల మీద వాన హోరు, నా చెవులను పూర్తిగా నమ్మలేను. గీత మాత్రం గీశాను, కాస్త వంకరగా.

ఇప్పుడు వేరే ఊళ్ళో, వేరే పిల్లలకు అదే పాఠం చెబుతున్నాను. తల ఎత్తే హాజరు పిలుస్తాను. బీరువాలు ఎక్కడ పెట్టాలో పిల్లల్ని అడిగే పెడతాను. ఓట్ల రోజు మాత్రం గింజలు ఒక్కసారే లెక్కపెడతాను. ఒకటి ఎక్కువొస్తే, కుర్రగురూజీగా నా అదిరిన మొహం గుర్తొచ్చి నవ్వుకుని, ఎవరిదని అడగను.